గోదావరి పంటు రేవులు: కాకినాడ నుంచి అంతర్వేదికి ఎలా? కారు ఎక్కించొచ్చా? పాత లాంచీలు ఏమయ్యాయి?

గౌతమి_ఒడ్డు అడిగిన ప్రశ్న

మాఘమాసంలో కాకినాడ నుంచి అంతర్వేది వెళ్దామనుకుంటున్నాం. ఒక కారు, రెండు బైకులు. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్లు ఇద్దరున్నారు. యానాం–ఎదుర్లంక వంతెన ఎక్కి 216 హైవే పట్టుకుంటే నేరుగా వెళ్లిపోవచ్చని తెలుసు. కానీ పెద్దవాళ్లకు పంటు (మనుషుల్నీ బండ్లనీ నది దాటించే బల్లకట్టు) మీద గోదారి దాటాలని ఉంది.

ఇప్పటికీ రోజూ నడిచే రేవులు ఏవి? కారు ఎక్కించడం క్షేమమేనా? ఏ నెలల్లో ఆపేస్తారు, ఎందుకు? ఇంకో సంగతి, ఒకప్పుడు రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీలు నడిచేవంటారు. అవి ఎందుకు ఆగిపోయాయి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

లంకల_రేవు

ముందు దారి చెప్తానండి. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి. అక్కడ గోదావరి పాయ గౌతమి దాటితే ముక్తేశ్వరం, అక్కణ్ణుంచి అమలాపురం. తర్వాత బోడసకుర్రు వంతెన మీద వైనతేయ పాయ దాటి రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది. అంటే వెళ్లేటప్పుడు ఒక్క పంటే. రెండోది తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. సఖినేటిపల్లిలో ఎక్కి వశిష్ఠ పాయ దాటితే నరసాపురం వైపు మాధవాయిపాలెం రేవులో దిగుతారు. పెద్దవాళ్లు అలిసిపోతే అక్కడే రైలెక్కించేయొచ్చు.

ఇన్ని వంతెనలొచ్చినా ఈ రెండు రేవులూ నిలబడ్డాయంటే చుట్టుదారే కారణం. కోటిపల్లికి ఎగువన ఉన్న వంతెన జొన్నాడ–రావులపాలెం దగ్గర, దిగువన ఉన్నది యానాం–ఎదుర్లంక దగ్గర. మధ్యలో ఇంకోటి లేదు. నరసాపురం వాళ్లు సఖినేటిపల్లికి రోడ్డున రావాలంటే పాలకొల్లు వెళ్లి, చించినాడ వంతెన ఎక్కి, దిండి మీదుగా మళ్లీ కిందికి దిగాలి. ఎదురుగా కనపడే ఒడ్డుకి ముప్పై కిలోమీటర్లకు పైనే తిరుగుడు. అందుకే పాలు, కూరగాయలు, చేపలు, కాలేజీ పిల్లలు అన్నీ పంటు మీదే. ఎదుర్లంక రేవుకి ఆ అవసరం తీరిపోయింది. 2002లో బాలయోగి వంతెన తెరిచాక అక్కడి పంటుకి పనిలేకుండా పోయింది.

కోటిపల్లికి ఇంకో చరిత్ర ఉంది. కాకినాడ–కోటిపల్లి రైలు 1928లో వేసింది గోదారి ఒడ్డు దాకానే. రైలు దిగి పడవెక్కితే కోనసీమ. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1940లో, ఆ పట్టాలు పీకేశారు. 2004లో మళ్లీ వేశారు. ఇప్పుడు నరసాపురం దాకా పొడిగించే లైను కోసం గౌతమిలో స్తంభాలు లేచాయి.

ఇక ఆపేది ఎప్పుడంటే, వరద రోజుల్లో అని అందరికీ తెలుసు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక నాటికి దిగువకు సుమారు పది లక్షల క్యూసెక్కులు వదులుతుంటారు. హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా అంతకు ముందే రేవులు ఆపేస్తారు, అదే మంచిది. జులై నుంచి సెప్టెంబరు చివరిదాకా ఏ రోజైనా ఆగొచ్చు.

చాలామంది పట్టించుకోనిది నీళ్లు తగ్గే కాలం. మీరు వెళ్తానంటున్న మాఘంలో దాళ్వా (రెండో వరి పంట) నడుస్తుంటుంది. గోదారిలో వచ్చే నీళ్లన్నీ బ్యారేజీ దగ్గరే కాలవల్లోకి మళ్లుతాయి. కింద పాయల్లో పారుడు బాగా తగ్గి ఇసుక మేటలు పైకి తేలతాయి. కోటిపల్లి దగ్గర పంటు తిరిగే నీళ్లు సన్నబడి, ఒడ్డు నుంచి అక్కడిదాకా ఇసుక మీద వేసిన బాటన వెళ్లాల్సి వస్తుంది. బైకు పోతుంది. కారు ఆ బాట ఎంత గట్టిగా ఉందన్నదాని మీద ఉంటుంది. రెండు రోజుల ముందు ముక్తేశ్వరంలోనో కోటిపల్లిలోనో తెలిసినవాళ్లని అడిగి బయల్దేరండి. కాదంటే కారుని ఎదుర్లంక మీదుగా పంపించేసి, పెద్దవాళ్లని బైకుల మీద రేవు దాటించి ముక్తేశ్వరంలో కలుసుకోండి. నేనైతే అలాగే చెయ్యమంటాను.

వానాకాలంలో మాత్రమే బతికే రేవులూ ఉన్నాయి. పి.గన్నవరం దగ్గర బూరుగులంక రేవు చూడండి. వేసవంతా తాత్కాలిక గట్టు మీద బండ్లు పోతాయి. జులైలో వరద మొదలవగానే ఆ గట్టు కొట్టుకుపోతుంది. ఉడిమూడిలంక, జి.పెదపూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక జనానికి అక్కణ్ణుంచి నెలల తరబడి పడవే గతి. బడికీ ఆసుపత్రికీ రేషనుకీ అన్నిటికీ.

చుక్కాని

కారు సంగతి నేను చెప్తాను. పంటు అంటే రెండు పొడుగాటి దోనెల మీద అడ్డంగా దూలాలు వేసి పైన బల్లలు పరిచిన వేదిక. పాతవి కర్రవి, ఇప్పటివి ఎక్కువ ఇనప రేకువి. కొన్నిచోట్ల ఇంజను పడవని పక్కన కట్టి నడుపుతారు, కొన్నిటికి ఇంజను పంటుకే ఉంటుంది. రెండు దోనెలు ఎడంగా ఉంటాయి గనుక పక్కకి ఒరగడం తక్కువ. ఒంటి పడవలో జనమంతా ఒక పక్కకి జరిగితే వచ్చే ప్రమాదం దీనిలో అంత త్వరగా రాదు. దీని బలహీనత పక్కల్లో లేదు, కొసల్లో ఉంది.

లెక్క చూడండి. ఒక్కో దోనె 12 మీటర్ల పొడుగు, రెండున్నర మీటర్ల వెడల్పు అనుకుందాం. నీటిని తాకే వైశాల్యం రెండూ కలిపి 60 చదరపు మీటర్లు. ఒక టన్ను బరువు నడుమ పెడితే పంటు 1.7 సెంటీమీటర్లు దిగుతుంది. పదిహేను మంది మనుషులు దాదాపు ఒక టన్ను. మీ కారు టన్నుంబావు అనుకుంటే రెండు సెంటీమీటర్లు. ఇదేమీ లెక్కలోది కాదు. అదే నాలుగు టన్నుల బరువు నడుమ ఉంటే పంటంతా సమానంగా 7 సెంటీమీటర్లు దిగుతుంది. ఆ బరువే కొసకి వస్తే ఆ కొస 27 సెంటీమీటర్లు కుంగి, అవతలి కొస 13 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అంటే కొస దగ్గర దిగుడు నాలుగింతలు.

ప్రమాదాలు నది నడుమ కంటే రేవులోనే ఎక్కువ జరగడానికి కారణం ఇదే. బండి ముందు చక్రాలు ఒడ్డున వేసిన బల్ల మీదికి వెళ్తాయి, వెనక చక్రాలు పంటు కొసన ఉంటాయి. కొస కుంగుతుంది, బల్ల జారుతుంది. అప్పుడు బండికి ఊపు ఇస్తే పంటు వెనక్కి నెట్టుకుపోతుంది, మధ్యలో సందు పడుతుంది. కాబట్టి తాళ్లు రెండూ, ముందుది వెనకది, గుంజలకి బిగించి కట్టాకే బండి కదలాలి. ఒక్క తాడే కట్టి దించమంటే దించకండి.

మీరు చెయ్యాల్సింది ఇది. కారు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు లోపల డ్రైవరు తప్ప ఎవరూ ఉండకూడదు. పంటు మీద నడుమ నిలపాలి. మొదటి గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టించండి. అద్దాలు దించి, సీటుబెల్టు తీసేసి ఉంచాలి. బైకుల్ని సైడు స్టాండు మీద కాకుండా సెంటర్ స్టాండు మీద పెట్టండి. పెద్దవాళ్లని కారులో కూర్చోబెట్టి దాటించొద్దు. బయట బల్ల మీద నడుమ కూర్చోమనండి, లైఫ్ జాకెట్టు వేయించండి. వట్టినే భుజాన తగిలించుకుంటే అది నీళ్లలో పైకి జారిపోతుంది. కింది పట్టీ కూడా బిగించాలి. రేవు చేరాక మనుషులు ముందు, బండ్లు తర్వాత.

ఇక ప్రవాహం. నీళ్లలో పంటు తిన్నగా పోదు. ముక్కు ఎగువకు పెట్టి ఏటవాలుగా పోతేనే ఎదుటి రేవుకి తగులుతుంది. నిలకడ నీటిలో గంటకి 8 కిలోమీటర్లు పోయే పడవకి గంటకి 4 కిలోమీటర్ల ప్రవాహం ఎదురైతే ముక్కు 30 డిగ్రీలు ఎగువకు తిప్పాలి. అప్పుడు అడ్డంగా పోయే వేగం 7 కిలోమీటర్లకు కాస్త తక్కువ, కిలోమీటరు వెడల్పు దాటడానికి ఏడున్నర నిమిషాలకు బదులు తొమ్మిది నిమిషాలు. ప్రవాహం 8కి చేరితే ఎటు తిప్పినా రేవు అందదు, కిందికి పోవాల్సిందే. వరదలో పంటు ఆపేయడానికి అసలు లెక్క ఇది. అలలు పెద్దగా లేవు కదా, ఎందుకు ఆపారు అని రేవులో గొడవపడేవాళ్లు ఇది ఆలోచించాలి.

నడి నీటిలో ఇంజను ఆగితే కింద ఏముందన్నదే ప్రశ్న. 2018 జులైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న పడవ ప్రవాహానికి కొట్టుకుపోయి, కడుతున్న వంతెన స్తంభానికి తగిలింది. ఇంజను ఆగడానికి మామూలు కారణాలు మూడు. ఫ్యానుకి గుర్రపుడెక్క చుట్టుకోవడం, లోతు తక్కువచోట ఇసుక పీల్చి చల్లబరిచే నీళ్ల గొట్టం మూసుకుపోవడం, డీజిలులో నీళ్లు చేరడం. మొదటి రెండూ సరంగు (పడవ నడిపేవాడు) కళ్లతో చూసి తప్పించుకోవచ్చు. మూడోదానికి ఫిల్టరు కింద చేరిన నీళ్లు రోజూ పొద్దున్నే వదలాలి. ఏది ఎలా ఉన్నా లంగరు తాడుతో సహా చేతికందేలా ఉండాలి. లంగరు ఉండి, దాని మీద ఇరవై బస్తాలు పేర్చి ఉంటే లేనట్టే.

గౌతమి_ఒడ్డు

కొసన దిగుడు నాలుగింతలు అన్నది కళ్లు తెరిపించిందండి. కారు ఎదుర్లంక మీదుగానే పంపిస్తాం. తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి దగ్గర ఆటుపోట్లు ఉంటాయి కదా, ఏ వేళకి రేవుకి చేరితే పెద్దవాళ్లకి సులువు?

లంకల_రేవు

మంచి ప్రశ్న. అక్కడ సముద్రం దగ్గర కాబట్టి పోటు (నీరు ఎక్కడం), పాటు (నీరు తీయడం) రెండూ రేవు మీద బాగా తెలుస్తాయి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒకదానికీ ఇంకోదానికీ ఆరు గంటల పైచిలుకు. ఈ రోజు పొద్దున ఎనిమిదికి పోటు నిండితే రేపు దాదాపు 8.50కి. పున్నమి, అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకి తేడా ఎక్కువ. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకి తక్కువ.

అంతర్వేది కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి, రథం భీష్మ ఏకాదశి నాడు. కాబట్టి ఆ రెండు రోజులూ నీళ్ల తేడా తక్కువే ఉంటుంది, రేవు పెద్దగా ఇబ్బంది పెట్టదు. మాఘ పున్నమి సముద్ర స్నానానికి ఉండిపోతే మాత్రం చూసుకోండి. బాగా పాటు మీద రేవు ఏటవాలై, కింది మెట్లకి పాచి, బురద ఉంటాయి. పోటు సగం ఎక్కిన దగ్గర్నుంచి నిండిన గంట దాకా పంటు బల్ల దాదాపు ఒడ్డు ఎత్తులో ఉంటుంది. పెద్దవాళ్లని ఆ వేళకి తీసుకెళ్లండి. కాకినాడ పోర్టు ఆటుపోట్ల వేళలు చూసి, నదిలోకి ఎక్కడానికి కొంత ఆలస్యం కలుపుకోండి.

మాఘంలో పొద్దున్నే మంచు కూడా ఉంటుంది. ఎదుటి ఒడ్డు కనపడేదాకా ఆగమంటే ఆగాలి.

లాకుల_గట్టు

పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి వాళ్లకి నచ్చే సంగతులు కొన్ని చెప్తాను. కోనసీమలో పడవ ప్రయాణమంటే నది దాటడం మాత్రమే కాదు, కాలవల వెంట ఊళ్లు తిరగడం కూడా. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ తవ్వించిన ప్రధాన కాలవలు సాగునీటికి ఎంతో రవాణాకీ అంత. ధవళేశ్వరం నుంచి కాకినాడకి ఒకటి, విజ్జేశ్వరం నుంచి ఏలూరుకి ఒకటి. ఏలూరులో కృష్ణా కాలవ కలిస్తే బెజవాడ. అక్కడ కృష్ణ దాటి కొమ్మమూరు కాలవ పట్టుకుంటే పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవ, అట్నుంచి మద్రాసు. కాకినాడలో ఎక్కించిన బియ్యం బస్తా సముద్రంలోకి వెళ్లకుండా మద్రాసులో దిగేది. బకింగ్‌హాం కాలవకి ఆ పేరు 1876–78 కరువులో పని జరిగాక వచ్చింది.

ఈ కాలవల్లో పడవని నడిపింది గాలివాటం ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడిచే మనుషులు లాగే తాడు. గట్లు అంత వెడల్పుగా, చెట్లు లేకుండా ఉంచడానికి ఒక కారణం ఆ తాడు. మట్టం మారే చోటల్లా లాకు. పడవ పైకి పోవాలంటే కింది తలుపులు తెరిచి లోపలికి తెస్తారు. తలుపులు మూసి, ఎగువ షట్టరు కొద్దికొద్దిగా ఎత్తుతారు. లోపలి నీళ్లు ఎగువ కాలవతో సమానమయ్యాకే పై తలుపు తెరుచుకుంటుంది. అంతకుముందు తెరుద్దామన్నా నీటి ఒత్తిడి తెరవనివ్వదు. షట్టరు ఒక్కసారిగా ఎత్తితే లోపలి పడవ గోడకి కొట్టుకుంటుంది, ముందూ వెనకా తాళ్లు పట్టుకుని మెల్లగా వదలాలి. వేసవిలో కాలవలు కట్టేసి మరమ్మతులు చేసేవాళ్లు, ఆ నెలల్లో పడవలూ ఒడ్డెక్కేవి.

నది మీద పెద్ద మార్పు రైలుతో వచ్చింది. రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన 1900లో పూర్తయ్యేదాకా ఆ ఒడ్డు రైలుకీ ఈ ఒడ్డు రైలుకీ మధ్య పడవే లంకె. రోడ్డు బండ్లకి కొవ్వూరు వైపు వంతెన దారి 1974లో, రోడ్డు కం రైలు వంతెనతో వచ్చింది. తర్వాత ఒక్కో పాయ మీదా ఒక్కో వంతెన. కాలవల్ని లారీలు చంపేశాయి. ఇప్పుడు కాకినాడ కాలవ 50 కిలోమీటర్లు, ఏలూరు కాలవ 139 కిలోమీటర్లు, ఇవన్నీ నాలుగో జాతీయ జలమార్గం కింద కాగితం మీద ఉన్నాయి. 2008లో ప్రకటించారు. గుర్రపుడెక్క తీసి, లాకుల తలుపులు బాగుచేసి, తక్కువ ఎత్తు వంతెనల్ని లేపితే తప్ప ఏ పడవా తిరగదు. ఇది జరగాలని నా గట్టి కోరిక.

కొండమొదలు_లాంచి

భద్రాచలం లాంచీల సంగతి ఎవరూ చెప్పలేదు. రాజమండ్రి నుంచి భద్రాచలం నీటి మీద 171 కిలోమీటర్లు. కాటన్ ఆలోచన ఇంకా పైకి, మధ్య పరగణాల పత్తిని గోదారి మీద దింపాలని. దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి దగ్గరి రాతి అడ్డాల్ని లాకులతో దాటించాలని పని మొదలుపెట్టి 1871లో వదిలేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ పథకంలో మిగిలిన ముక్క.

కింది భాగంలో లాంచీలు చాలాకాలం నడిచాయి. దేవీపట్నం, కొండమొదలు, పేరంటాలపల్లి, కూనవరం అన్నీ రేవులే. విహారం కోసం కాదు. పాపికొండల మధ్య కొండరెడ్ల ఊళ్లకి రోడ్డు లేదు. ఉప్పు, బియ్యం, సిమెంటు, బాలింతలు అందరూ అందులోనే. విహార బోట్లు తర్వాత వచ్చాయి. ఈ తేడా తెలియాలి, ఎందుకంటే 2018 మే 15న మంటూరు దగ్గర మునిగింది కొండమొదలు వైపు నుంచి వస్తున్న మామూలు ప్రయాణికుల లాంచీ. గాలివాన కొడుతోందని తలుపులు, కిటికీలు మూసేశారు. ఒరిగి మునిగేసరికి లోపలున్నవాళ్లకి దారి లేదు. మరుసటి ఏడు సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర విహార బోటు మునిగినప్పుడు అందులో 77 మంది ఉంటే 26 మంది బయటపడ్డారు. ఆ రోజు గోదారిలో ఐదు లక్షల క్యూసెక్కుల వరద. పైన కిలోమీటరుకు మించి పరుచుకున్న నది పాపికొండల్లో సన్నటి సందులోకి దూరుతుంది. అక్కడ వెడల్పు తగ్గినంతా లోతుగా, వేగంగా, సుడులుగా మారుతుంది. కోనసీమలో బాగా నడిచిన పడవ అక్కడ నడుస్తుందనుకోకూడదు.

ఆ తర్వాతే గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం, సింగనపల్లి లాంటి చోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త లోతట్టు నౌకల చట్టం వచ్చింది. రిజిస్ట్రేషను, తనిఖీ, పడవ ఎంతదాకా మునగొచ్చో చూపే పరిమితి గుర్తు ఇవన్నీ దానికింద ఉన్నాయి. బోటెక్కే ముందు పక్క గోడ మీద రాసిన మనుషుల సంఖ్య చదవండి, ఎక్కినవాళ్లని లెక్కపెట్టండి. కిటికీలు మూసే లాంచీలో గాలివాన పట్టుకుంటే లోపల కూర్చోవద్దు.

రాజమండ్రి నుంచి తిన్నగా పైకి పోయే దారి ఇప్పుడు లేదు. 2021 జూన్‌లో పోలవరం దగ్గర ప్రవాహాన్ని స్పిల్‌వే మీదికి మళ్లించారు, కాఫర్ డ్యాం (పని కోసం వేసిన తాత్కాలిక కట్ట) నదికి అడ్డంగా ఉంది. డ్యాంకి పైన గండిపోచమ్మ దగ్గర, భద్రాచలం వైపు పోచవరం దగ్గర ఎక్కాలి. ఎడమ గట్టున పడవలు దాటే కాలవ, లాకులు డిజైనులో ఉన్నాయి. దేవీపట్నం మండలంలో చాలా ఊళ్లు ఈలోగా ఖాళీ అయ్యాయి, లాంచీ ఎక్కే జనమే కదిలిపోయారు.

గౌతమి_ఒడ్డు

అందరికీ ధన్యవాదాలండి. వెళ్లేటప్పుడు కోటిపల్లిలో బైకుల మీద పెద్దవాళ్లు, కారు ఎదుర్లంక మీదుగా. తిరుగు ప్రయాణం దశమి, ఏకాదశుల్లో పోటు వేళ చూసుకుని సఖినేటిపల్లి రేవు. కల్యాణం రోజు జనం ఎక్కువగా ఉంటే కారు ఎక్కించుకుంటారా?

చుక్కాని

రద్దీ రోజుల్లో కారు పెట్టే చోట ఇరవై మంది మనుషులు పడతారు కదండీ, రేవు వేలంలో పాడుకున్నవాళ్లు మనుషులకే మొగ్గు చూపుతారు. అడిగి చూడండి. అంతకంటే కారు చించినాడ మీదుగా నరసాపురం పంపించేసి మీరు ఖాళీ చేతులతో పంటెక్కడం నయం. పంటు బల్ల నీళ్లకి బాగా దగ్గరగా దిగినట్టు కనిపించినా, దోనె అంచుకీ నీటికీ మధ్య జానెడు కంటే తక్కువ ఉన్నా, తర్వాతి పంటు కోసం ఆగండి.